వెనక టైరుకు 30 మిల్లీమీటర్లు

ముందు బంపర్ విప్పితే లోపల రెండు మూలల్లోనూ చెరొక పోత ఇనుప దిమ్మ. ఒక్కోటి 11 కిలోలు. బండి నడవడానికి వాటి అవసరం లేదు. గుద్దుకున్నప్పుడు కాపాడటానికి పెట్టినవీ కావు. 1960ల నడుమ జర్మనీలో, స్టుట్‌గార్ట్ శివారు సూఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో తయారైన పోర్షే 911 కార్లు కొన్నింటిలో ఇలా 22 కిలోల ఇనుము దాగి ఉండేది. తేలికగా ఉండటమే ప్రాణమైన స్పోర్ట్స్ కారు అది. దాని నెత్తిన ఆ బరువు పెట్టింది దాన్ని కట్టిన ఇంజినీర్లే.

ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలియాలంటే 1963 సెప్టెంబరుకు, ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోకు వెళ్లాలి. పోర్షే కొత్త కారును అక్కడే మొదటిసారి జనం చూశారు. అప్పటికి దాని పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ నుంచి ప్యూజో అడ్డు చెప్పడంతో అది 911 అయింది. రెండు లీటర్ల, ఆరు సిలిండర్ల, గాలితో చల్లబడే ఇంజన్. 130 హార్స్‌పవర్. అందరూ మెచ్చుకున్నారు. చిక్కల్లా ఇంజన్ ఉన్న చోటుతోనే వచ్చింది. అది ముందు లేదు, నడుమ లేదు. వెనక ఇరుసును కూడా దాటి, బంపర్‌కు ఆనుకొని వేలాడుతోంది. కారు బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే పడేది.

బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేస్తుందని మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఎడ్ల మెడ మీద ఉండాల్సినంత బరువు లేకపోతే బండి మాట వినదు. 911 ముందు చక్రాల పరిస్థితీ ఇదే.

ఒక మలుపు ఊహించుకోండి. తడి రోడ్డు, కుడివైపు తిరిగే పొడవైన వంపు. డ్రైవర్ కాస్త ఎక్కువ వేగంతోనే లోపలికి వచ్చాడు. స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి అవి మొదట కొంచెం మొరాయించాయి, బండి తిన్నగా పోతానంది. అతను ఇంకాస్త తిప్పాడు. ఇప్పుడు తిరిగింది. కానీ వంపు అనుకున్నదానికంటే బిగుసుకుంటోంది. భయం వేసింది. భయం వేసిన మనిషి ఎవరైనా చేసే పనే అతనూ చేశాడు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు.

ఆ కారులో చేయకూడని పని అదే. కాలు తీయగానే బండి మందగిస్తుంది, బరువు ఒక్కసారిగా ముందుకు తూగుతుంది. అప్పటిదాకా మొరాయించిన ముందు టైర్లకు హఠాత్తుగా పట్టు దొరుకుతుంది. వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది. చిట్టచివరన వేలాడే ఇంజన్‌కు మాత్రం తిన్నగా పోవాలన్న ఊపు తగ్గదు. తోక బయటికి విసురుతుంది. రెండు సెకన్లలో అతను వచ్చిన దారినే వెనక్కి చూస్తూ ఉంటాడు. అదృష్టం బాగుంటే గడ్డిలో, లేకపోతే చెట్టుకు.

దీనికి దొరికిన తొలి మందు ఆ ఇనుప దిమ్మలు. ముందు బరువు తక్కువైంది, కాబట్టి బరువు పెట్టారు. పరీక్షల విభాగాన్ని నడిపిన హెల్ముట్ బోట్‌కు అది మందు కాదని, నొప్పి తెలియకుండా చేసే మాత్ర మాత్రమేనని తెలియకుండా ఉంటుందా? కానీ కార్లు అమ్ముడవుతున్నాయి, మలుపుల్లో తిరగబడుతున్నాయి. అప్పటికప్పుడు ఏదో ఒకటి చేయాలి.

ఇంజన్‌ను ముందుకు జరపవచ్చు కదా? జరపలేరు. అక్కడ వెనక సీట్లున్నాయి, గేర్‌బాక్స్ ఉంది, కారు రూపమే ఉంది. పైగా ఆ బరువుతో ఒక వరం కూడా వచ్చింది. మలుపు దాటి బయటికి వచ్చి యాక్సిలరేటర్ తొక్కితే, వెనక చక్రాల మీద అంత బరువు ఉండటం వల్ల టైర్లు గిర్రున తిరిగిపోకుండా నేలను కరచుకొని కారును ముందుకు విసురుతాయి. బ్రేక్ వేసినప్పుడు కూడా, ఇతర కార్లలో తేలిపోయే వెనక చక్రాలు ఇందులో తమ వంతు పని చేస్తాయి. ఆ ఇంజినీర్లను నేను గౌరవించేది ఇక్కడే. వరాన్ని వదులుకోకుండా శాపాన్ని విప్పాలనుకున్నారు. అందుకు పదేళ్లు పట్టింది.

1968 ఆగస్టులో వచ్చిన కార్లలో వాళ్లు చేసిన పని నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. ఇంజన్‌ను ముందుకు జరపలేకపోయారు కదా, చక్రాలనే వెనక్కి జరిపారు. వెనక సస్పెన్షన్ చేతులను పొడవు చేసి, ఇంజన్ ఉన్నచోటే ఉండగా ఇరుసును దాని వైపు నెట్టారు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,211 మిల్లీమీటర్ల నుంచి 2,268 అయింది. 57 మిల్లీమీటర్లు. మూడు వేళ్ల వెడల్పు. ఒక బ్యాటరీ బదులు రెండు చిన్న బ్యాటరీలు తెచ్చి ముందు మూలల్లో చెరొకటి పెట్టారు. దిమ్మలు చేస్తున్న పనిని ఇప్పుడు ఉపయోగపడే వస్తువులే చేస్తున్నాయి. ఇంజన్ పెట్టెను అల్యూమినియం నుంచి ఇంకా తేలికైన మెగ్నీషియానికి మార్చి వెనక బరువు మరికొంత తగ్గించారు.

ఈ పరంపరలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1972 మోడల్లో ఆయిల్ ట్యాంకును వెనక చక్రం వెనక నుంచి తీసి చక్రానికి ముందు పెట్టారు. అన్ని లీటర్ల ఆయిల్ బరువు రెండు ఇరుసుల మధ్యకు వచ్చింది, సమతూకానికి చాలా మంచిది. ఆయిల్ పోయడానికి కారు కుడి పక్కన చిన్న మూత పెట్టారు. పెట్రోల్ బంకుల్లో పనివాళ్లు ఆ మూత చూసి పెట్రోల్ మూత అనుకున్నారు. ఆయిల్ ట్యాంకులో పెట్రోల్ పోశారు. మరుసటి ఏడాదికే ట్యాంకు మళ్లీ పాత చోటికి వెళ్లిపోయింది. కాగితం మీద ఎంత సరైన ఆలోచన అయినా, బంకులో నిలబడ్డ కుర్రాడి చేతిలో కూడా నెగ్గాలి మరి.

* * *

1972 మొదలయ్యేసరికి పోర్షేలో వాతావరణం మారిపోయింది. వ్యవస్థాపక కుటుంబాలు రోజువారీ పాలన నుంచి తప్పుకున్నాయి. ఇంజన్ నిపుణుడు ఎర్న్‌స్ట్ ఫూర్మన్ పగ్గాలు అందుకున్నాడు. 1970లోనూ 1971లోనూ ల మాన్ 24 గంటల రేసు గెలిచిన మహా యంత్రం పోర్షే 917కు, మారిన నిబంధనల వల్ల ప్రపంచ చాంపియన్‌షిప్ తలుపులు మూసుకున్నాయి. మిగిలింది 911. షోరూమ్‌లో అమ్మే కారు. దాన్ని కొని సొంత డబ్బుతో రేసుల్లో దిగే కస్టమర్లు ఓడిపోతున్నారు. ఫోర్డ్ కాప్రీలు, బీఎండబ్ల్యూలు వాళ్లను దాటిపోతున్నాయి. మామూలు కుటుంబ కార్ల నుంచి పుట్టిన బండ్లు అవి.

మనవాళ్లు ఎందుకు వెనకబడుతున్నారని ఫూర్మన్ అడిగాడు. ప్రశ్న పరీక్షల విభాగంలో పీటర్ ఫాల్క్ దగ్గరికి, రేసింగ్ ఇంజినీర్ నోర్బర్ట్ సింగర్ దగ్గరికి, విమానాల చదువు చదివి కార్ల దగ్గరికి వచ్చిన యువకుడు టిల్మన్ బ్రోడ్‌బెక్ దగ్గరికి చేరింది.

శక్తి పెంచడం వాళ్లకు వచ్చిన విద్యే. సిలిండర్ గోడలకు నికాసిల్ పూత వేయడంతో సిలిండర్ వ్యాసాన్ని 84 నుంచి 90 మిల్లీమీటర్లకు పెంచుకోగలిగారు. 2.4 లీటర్ల ఇంజన్ 2.7 అయింది, 190 హార్స్‌పవర్ 210 అయింది. దాని గురించి ఇంతకంటే చెప్పను. ఎందుకంటే అసలు చిక్కు అక్కడ లేదు. తిన్నని దారిలో ఎంత వేగం ఉన్నా, డ్రైవర్ మలుపులో బండిని నమ్మలేకపోతే ఆ వేగమంతా మలుపు ముందే బ్రేక్ కింద పోతుంది.

అప్పటిదాకా 911కు నాలుగు చక్రాలకూ ఒకటే సైజు టైరు. పుట్టినప్పుడు 165 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర అంగుళాల రిమ్ము. తర్వాత తర్వాత 185, ఆరంగుళాలు. నాలుగూ కలిసే పెరుగుతూ వచ్చాయి. ఆ రోజుల్లో రోడ్డు మీద కార్లు దాదాపు అన్నీ అంతే. దానికి మంచి కారణం ఉంది. ఒకే సైజు అయితే ఒక స్టెప్నీ నాలుగు చక్రాలకూ సరిపోతుంది. వెనకవి త్వరగా అరిగితే ముందువి వెనక్కి వేసుకోవచ్చు. దుకాణంవాడు ఒకే రకం నిల్వ ఉంచుకుంటే చాలు. రేసు కార్లలో వెనక వెడల్పు టైర్లు ఏనాటి నుంచో ఉన్నా, వాటిని ఇంటి ముందు నిలిపే కారుకు తేవాలని అనుకున్నవాళ్లు అరుదు.

కానీ వెనక 60, ముందు 40 మోసే కారుకు నాలుగు సమానమైన టైర్లు వేయడం సమానత్వం కాదు. ఎక్కువ మోసేవాడికీ తక్కువ మోసేవాడికీ ఒకే కూలి ఇచ్చినట్టే.

రబ్బరు గుణం ఒకటి ఇక్కడ తెలుసుకోవాలి. ట్రాక్ మీద కారు నడిపేవాళ్లెవరైనా నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే. టైరు మీద బరువు పెరిగితే దాని పట్టూ పెరుగుతుంది, కానీ బరువుతో సమానంగా పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపుకు కొంచెం తక్కువగా ఆగిపోతుంది. అందుకే ఎక్కువ బరువు మోసే టైరు మలుపులో ముందుగా అలసిపోతుంది. దానికి సాయం చేయాలంటే నేలను తాకే రబ్బరు పెంచాలి. వెడల్పు చేయాలి.

1973 మోడల్‌గా రాబోయే కరేరా ఆర్‌ఎస్ 2.7కు వాళ్లు ఎంచుకున్న సైజులు టైరు గోడ మీద ఇలా ఉండేవి. ముందు 185/70 వీఆర్ 15. వెనక 215/60 వీఆర్ 15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎన్ని శాతమో చెబుతుంది. వీ అంటే ఆ రోజుల్లో గంటకు 210 కిలోమీటర్లు దాటిన వేగాన్ని తట్టుకోగలదని, ఆర్ అంటే రేడియల్ అని. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

కాగితం, కలం తీసుకొని లెక్క వేయండి. 185లో 70 శాతం 129.5. 215లో 60 శాతం 129. వెడల్పు ఏకంగా 30 మిల్లీమీటర్లు పెరిగింది, గోడ ఎత్తు మాత్రం అర మిల్లీమీటరు తేడాతో ఉన్నచోటే ఉంది. చక్రం మొత్తం వ్యాసం ముందూ వెనకా దాదాపు 640 మిల్లీమీటర్లే. అంటే వెనక భాగం పైకి లేవలేదు, గేర్ల లెక్క మారలేదు, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. పైగా వెడల్పుతో పోలిస్తే గోడ పొట్టిది అయింది కాబట్టి మలుపులో టైరు పక్కకు ఒరగడమూ తగ్గింది. సైజుల పట్టికలో ఈ రెండు వరసలను పక్కపక్కన చూసినప్పుడల్లా ఒక చక్కటి పద్యపాదం చదివినట్టు ఉంటుంది నాకు.

ముందు ఆరంగుళాల రిమ్ము, వెనక ఏడంగుళాలది. పిరెల్లీ టైర్లు. అవి పట్టడానికి వెనక మడ్‌గార్డులను ఉబ్బెత్తుగా వెడల్పు చేశారు. ముందొక సైజు, వెనకొక సైజు టైర్లతో మార్కెట్లోకి వచ్చిన తొలి జర్మన్ కారు ఇదేనని పోర్షే ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

మన ఊళ్లలో చిన్న కార్లకు అలాయ్ వీల్స్ వేయించి, నాలుగు చక్రాలకూ వెడల్పు టైర్లు ఎక్కించే కుర్రాళ్లను చూస్తుంటాను. వాళ్ల ఉత్సాహం నాకు ఇష్టం. కానీ ఒక్క మాట. ఆ కార్లన్నింటికీ ఇంజన్ ముందుంది, నడిపే చక్రాలూ ముందువే. వాటి లెక్క 911 లెక్కకు తలకిందులు. వెనక వెడల్పు చేస్తే అందం రావచ్చు, మలుపులో మాత్రం తిరగడానికి ఇంకా మొండికేస్తుంది. ఏ చివర ఎంత బరువు ఉందో తెలుసుకున్నాకే టైరు దుకాణానికి వెళ్లాలి.

* * *

టైర్లు మార్చితే సగం పనే అయింది. మిగతా సగం సస్పెన్షన్.

కారు మలుపులో ఒరిగినప్పుడు లోపలి చక్రం మీద నుంచి బయటి చక్రం మీదికి బరువు మారుతుంది. ఇందాక చెప్పిన రబ్బరు గుణం వల్ల, బయటి టైరుకు పెరిగే పట్టు కంటే లోపలి టైరు పోగొట్టుకునే పట్టే ఎక్కువ. అంటే ఏ జత చక్రాల మధ్య ఈ బదిలీ ఎక్కువ జరుగుతుందో ఆ జత మొత్తం మీద నష్టపోతుంది. బదిలీని ముందు జతకు ఎంత ఇవ్వాలి, వెనక జతకు ఎంత ఇవ్వాలి అన్నది ఇంజినీర్ చేతిలో ఉంటుంది. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. యాంటీ రోల్ బార్ అంటారు. ఒక చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ మెలి తిరిగి ఒరుగుడును అడ్డుకుంటుంది. ముందు కడ్డీని లావు చేస్తే బదిలీ భారం ముందు జత మీద ఎక్కువ పడుతుంది, వెనక జతకు ఊరట దొరుకుతుంది. తోక విసరడం తగ్గుతుంది.

ఆనాటి రేసుల ఫొటోలు చూడండి. మలుపులో 911 ముందు లోపలి చక్రాన్ని గాల్లోకి ఎత్తి, మూడు కాళ్ల మీద పరుగెడుతూ ఉంటుంది. చూసినవాళ్లకు బోల్తా పడుతుందేమో అనిపిస్తుంది. నిజానికి అది బండి ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. ఆ చక్రం మీది బరువంతా అవతలి ముందు చక్రం తీసుకుంది. వెనక రెండూ నేల మీదే ఉన్నాయి, ఇంజన్ శక్తిని రోడ్డుకు అందిస్తున్నాయి.

ఆర్‌ఎస్‌కు లావు కడ్డీలు, బిల్‌స్టీన్ గ్యాస్ షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. బిగువు ఎందుకు పెంచాలంటే, 911 వెనక చక్రాలు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా వాటి వాలు కొద్దికొద్దిగా మారుతుంది. వెడల్పు టైరు వాలిపోతే దాని అంచు మాత్రమే నేలను తాకుతుంది, డబ్బు పెట్టి కొన్న వెడల్పు వృథా అవుతుంది. టైరు వెడల్పయ్యేకొద్దీ దాన్ని నేలకు చదునుగా పట్టి ఉంచాల్సిన బాధ్యత సస్పెన్షన్ మీద పెరుగుతుంది. ఈ రెంటినీ విడివిడిగా చూడటం కుదరదు.

ట్రాక్ మీద ఇది సరిగా కుదిరిందో లేదో టైరే చెబుతుంది. కారు కొన్ని చుట్లు తిరిగి రాగానే, రబ్బరు చల్లారకముందే మూడు చోట్ల వేడి చూస్తారు. లోపలి అంచు, నడుమ, బయటి అంచు. నడుమ ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. బయటి అంచు కాలిపోతుంటే చక్రాన్ని పైభాగం లోపలికి వచ్చేలా ఇంకాస్త వాల్చాలి. మూడు చోట్లా వేడి దగ్గరదగ్గరగా ఉండి, లోపలి వైపు రవ్వంత ఎక్కువగా ఉంటే సర్దుబాటు దారిలో పడిందన్నమాట. ఎంత గొప్ప డ్రైవర్ అయినా తన అనుభూతితో పాటు ఈ అంకెలను కూడా నమ్ముతాడు.

చిట్టచివరగా గాలి మిగిలింది. 911 వెనక భాగం నున్నగా కిందికి జారుతుంది. చూడటానికి అందం. కానీ వేగం పెరిగేకొద్దీ గాలి ఆ వంపు మీదుగా పోతూ కారును పైకి లాగుతుంది. ఎంత శ్రమపడి టైర్లు వెడల్పు చేసినా, గంటకు 200 కిలోమీటర్లు దాటాక వాటి మీది బరువును గాలి ఎత్తుకుపోతోంది. విమానాల చదువు చదివిన బ్రోడ్‌బెక్‌కు ఇది రెక్క చేసే పనే అని అర్థమైంది. స్టైలిస్ట్ రోల్ఫ్ వీనర్‌తో కలిసి విండ్ టన్నెల్‌లో కారు వెనక మూత చివర రేకు ముక్కలు అతికించి, కాస్త కాస్తగా ఎత్తు పెంచుతూ చూశారు. ఎక్కడ పైకి లాగే బలం బాగా తగ్గుతూ, ఎదురుగాలి కూడా పెరగకుండా ఉంటుందో అక్కడ ఆగారు. వెనక భాగాన్ని పైకి లాగే బలం మూడింట రెండు వంతులకు పైగా తగ్గిపోయింది. గరిష్ఠ వేగం తగ్గుతుందని అనుకుంటే గంటకు 4.5 కిలోమీటర్లు పెరిగింది. బాతు తోకలా పైకి లేచిన ఆ అంచును అమ్మకాల విభాగం మొదట అసహ్యించుకుంది.

ఆ విభాగంతో పేచీ అంతటితో ఆగలేదు. గ్రూప్ 4 రేసుల్లో దిగాలంటే అలాంటి కార్లు 500 తయారు చేయాలి. తోక, వెడల్పు మడ్‌గార్డులు, వేర్వేరు రిమ్ములు, అన్నీ ముందు రోడ్డు కారు మీద ఉండాలి. అప్పుడే వాటి ఆధారంగా రేసు కారును ఇంకా వెడల్పు చేసుకోవచ్చు. వెనక సీట్లు లేవు, గడియారం లేదు, తలుపు లోపల హ్యాండిల్ బదులు తోలు పట్టీ, పలచని రేకు, పలచని అద్దం. ఇలాంటి కారును 34,000 మార్కులు పెట్టి ఎవరు కొంటారని అమ్మేవాళ్ల భయం. అందుకే సుఖంగా తిరగాలనుకునేవాళ్లకు సీట్లూ కార్పెట్లూ బిగించి ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. 1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో కారును చూపించారు. నవంబరు ముగిసేలోగా 500 కార్లూ అమ్ముడైపోయాయి. చివరికి తయారైనవి 1,580.

* * *

రేసు కోసం కట్టిన రూపానికి ఆర్‌ఎస్‌ఆర్ అని పేరు. ముందు 9 అంగుళాల రిమ్ములు, వెనక 11. బ్రేకులు 917 నుంచి వచ్చాయి. 2.8 లీటర్లు, 300 హార్స్‌పవర్.

1973 ఫిబ్రవరి మొదటి వారాంతం. అమెరికాలోని డేటోనా. 24 గంటల రేసు. ఎదురుగా మాత్రా, మిరాజ్, లోలా వంటి, రేసు కోసమే పుట్టిన ప్రొటోటైప్‌లు. రాత్రి గడిచేకొద్దీ అవి ఒక్కొక్కటే రాలిపోయాయి. పెన్స్కే జట్టు తెచ్చిన మరో ఆర్‌ఎస్‌ఆర్ కూడా ఇంజన్ దెబ్బతిని ఆగిపోయింది. 59వ నంబరు ఆర్‌ఎస్‌ఆర్ మాత్రం తిరుగుతూనే ఉంది. పీటర్ గ్రెగ్, హర్లీ హేవుడ్ వంతులవారీగా నడిపారు. 670 చుట్లు పూర్తయ్యేసరికి రెండో స్థానంలో ఉన్న ఫెరారీ 22 చుట్లు వెనక ఉంది. షోరూమ్ కారు నుంచి పుట్టిన బండి అందరికంటే ముందు గీత దాటింది.

మే 13న సిసిలీ. టార్గా ఫ్లోరియో. డేటోనాకు ఇది పూర్తి విరుద్ధం. మదోనీ కొండల్లో చుట్టు ఒక్కటికి 72 కిలోమీటర్లు, అన్నీ మామూలు ఊరి రోడ్లే. చెర్దా, కొల్లెసానో వంటి ఊళ్ల మధ్య నుంచి, ఇళ్ల గోడలకు రాసుకుంటూ, వందల మలుపులు. ఇలాంటి 11 చుట్లు. జారే రాళ్లు, గుంతలు, ఎగుడుదిగుడు. ఇక్కడ గరిష్ఠ వేగానికి పెద్ద విలువ లేదు. నెమ్మది మలుపు నుంచి ఎంత శుభ్రంగా బయటపడతావు, మరుసటి మలుపుకు బండి ఎంత సిద్ధంగా ఉంటుంది, ఇవే లెక్క.

ఫెరారీలు, ఆల్ఫా రోమియోలు వేగంగా మొదలుపెట్టాయి. జాకీ ఇక్స్ నడిపిన ఫెరారీ రోడ్డు తప్పింది. ఇంకో ఫెరారీ మధ్యలోనే ఆగిపోయింది. ఆల్ఫాలూ నిలవలేదు. హెర్బర్ట్ ముల్లర్, హైస్ ఫాన్ లెనెప్ జంట ఆర్‌ఎస్‌ఆర్ ఏడు గంటలకు కాస్త తక్కువ సమయంలో రేసు ముగించి గెలిచింది. రెండోది లాన్చియా స్ట్రాటోస్. మూడోది ఇంకో ఆర్‌ఎస్‌ఆర్. ప్రపంచ చాంపియన్‌షిప్ రేసుగా టార్గా ఫ్లోరియో జరగడం అదే ఆఖరు.

ముందున్నవాళ్లు పడిపోవడం వల్లే గెలిచారని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సిసిలీ రోడ్ల మీద పడిపోకుండా ఉండటమే ఆ రేసు పెట్టిన పరీక్ష. ఒకప్పుడు భయపడి కాలు తీస్తే చెట్టుకు తీసుకెళ్లిన కారు, వందల మలుపుల్లో, పదకొండు చుట్లూ, ఇద్దరు మనుషుల చేతిలో నమ్మకంగా నడిచింది. వెనక బరువు అప్పటికీ వెనకే ఉంది. ప్రతి నెమ్మది మలుపు చివరా ఆ బరువే వాళ్లను ముందుకు తోసింది.

తర్వాతి కాలంలో ఫూర్మన్ స్వయంగా 911కు వారసుడిగా ముందు ఇంజన్ ఉన్న 928ను తెచ్చాడు. వారసుడి తయారీ 1995లో ఆగిపోయింది, 911 ఆగలేదు. రేసుల విభాగం మాత్రం చివరికి లొంగింది. 2016 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో చూపించిన 911 ఆర్‌ఎస్‌ఆర్ రేసు కారులో ఇంజన్‌ను తీసి వెనక ఇరుసుకు ముందు పెట్టారు. షోరూమ్‌లో అమ్మే 911లో అది ఇవాళ్టికీ ఇరుసు వెనకే ఉంది. ట్రాక్ ప్రియుల కోసం తయారు చేసే 911 జీటీ3 టైర్లు చూస్తే ముందు 255, వెనక 315 మిల్లీమీటర్లు. ఆర్‌ఎస్‌లో 30గా మొదలైన తేడా ఇప్పుడు 60. రిమ్ములు కూడా ముందు 20 అంగుళాలు, వెనక 21.